ఉప ఎన్నికలో ఏజెంటుగా కూర్చున్నాను

2021 ఏప్రిల్ 17న తిరుపతి పార్లమెంటు స్థానానికి ఉప ఎన్నిక జరిగినప్పుడు మా ఊరి బడిలో ప్రతిపక్ష అభ్యర్థి ఒకరి తరఫున పోలింగ్ ఏజెంటుగా కూర్చున్నాను. ఏ పార్టీ అన్నది రాయను. మా జిల్లాలో పక్షాలు మారుతూనే ఉంటాయి, ఏజెంటు పని మాత్రం ఎవరు కూర్చున్నా అదే. ఆ పని గురించి రాయాలని ఎప్పటి నుంచో ఉంది.

మాది నెల్లూరు జిల్లా పొదలకూరు మండలం. నిమ్మతోటల ఊరు. నెల్లూరు మాకు చేరువే, అయినా మా ఎంపీ తిరుపతి ఎంపీ. అప్పటి మా జిల్లాలోని సర్వేపల్లి, గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి, అటు చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి, శ్రీకాళహస్తి, సత్యవేడు కలిపితే తిరుపతి పార్లమెంటు నియోజకవర్గం. 2019లో అక్కడ గెలిచిన బల్లి దుర్గాప్రసాదరావు గారు 2020 సెప్టెంబరు 16న కరోనాకు చికిత్స పొందుతూ చెన్నైలో చనిపోయారు. గూడూరు నుంచి నాలుగుసార్లు ఎమ్మెల్యేగా చేసిన మనిషి, ఈ చుట్టుపక్కల ఆయన్ను ఎరగని ఇల్లు తక్కువ. సీటు ఖాళీ అయిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక పెట్టాలని ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఏ సెక్షన్ చెబుతుంది. ఇబ్బందులుంటే వాయిదా వేసుకునే వీలూ అందులోనే ఉంది. మా ఎన్నిక ఏడు నెలలు నిండాక వచ్చింది.

ఎవరు గెలుస్తారన్న ప్రశ్న మా ఊళ్లో ఎవరూ వేసుకోలేదు. 2019లో 175 అసెంబ్లీ సీట్లలో 151, పాతిక ఎంపీ సీట్లలో 22 వైఎస్సార్ కాంగ్రెస్‌వి. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు అయిపోయాయి. ఏప్రిల్ 8న ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎన్నికలు జరిగితే వాటిని తెలుగుదేశం బహిష్కరించింది. ఆ తర్వాత పది రోజులు కూడా తిరగకముందే ఇది. టీ అంగడి దగ్గర మాటలన్నీ మెజారిటీ గురించే. పోయినసారి రెండు లక్షల 28 వేలు, ఈసారి మూడు దాటుతుందా, ఐదు దాటుతుందా అని.

అలాంటప్పుడు ఓడిపోయే పక్షానికి ఏజెంటుగా ఎవరు కూర్చుంటారు? మగవాళ్లలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఒకరికి ఉపాధి హామీ పనుల బిల్లు రావాలి, ఒకరికి బోరు కనెక్షన్ కావాలి, ఒకరి ఇల్లు పునాదుల మీద ఉంది. వాళ్లను ఎవరైనా బెదిరించారని నేను అనను. అధికారం అంతా ఒకవైపే ఉన్నప్పుడు బెదిరించే పని లేకుండానే మనిషి జాగ్రత్తపడతాడు. నేను అప్పటిదాకా ప్రైవేటు స్కూల్లో టీచర్ని, కరోనాతో స్కూలు మూతపడి ఇంట్లోనే ఉన్నాను. నాకు రావాల్సిన బిల్లు ఏదీ లేదు. మండలం నుంచి వచ్చిన వాళ్లు మా ఆయన్ను అడుగుతుంటే, నేను కూర్చుంటానన్నాను.

మా చిన్నమామ, అంటే మామగారి తమ్ముడు, అధికార పార్టీ ఏజెంటు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చాడు. "ఎందుకమ్మణ్ణీ నీకీ గొడవ? గెలిచేదా పెట్టేదా. అనవసరంగా పేరు ఎక్కుతుంది" అన్నాడు. కోపంగా అనలేదు, నా మీద ఉన్న అభిమానంతోనే అన్నాడు. "ఓడిపోయేవాళ్లు కూర్చోకపోతే మీరు గెలిచింది నిజమని ఎట్టా తెలస్తది మామా?" అన్నాను. ఆయన నవ్వి కాఫీ తాగి వెళ్లాడు.

ఇంకో మాట కూడా ఆ రోజుల్లో చాలామంది నోట విన్నాను. చనిపోయిన వాళ్ల సీటులో పోటీ పెట్టడం మర్యాద కాదని. దుర్గాప్రసాదరావు గారి కుటుంబంలో వాళ్లు నిలబడలేదు, వైఎస్సార్ కాంగ్రెస్ డాక్టర్ గురుమూర్తి గారిని పెట్టింది, కాబట్టి ఆ మాట అంతగా నిలవలేదు. మరుసటి ఏడు ఆత్మకూరు ఎమ్మెల్యే మేకపాటి గౌతంరెడ్డి గారు చనిపోయి 2022 జూన్‌లో ఆత్మకూరు ఉప ఎన్నిక వచ్చినప్పుడు మాత్రం వాళ్ల తమ్ముడు విక్రంరెడ్డి గారు నిలబడితే తెలుగుదేశం పోటీ చేయలేదు. మెజారిటీ 82,888. చనిపోయిన మనిషి మీద గౌరవం నాకూ ఉంది. కానీ వేరే గుర్తుకు వేయాలనుకున్న వాళ్లు ఆ రోజు ఎటు పోవాలి? సీటు కుటుంబానిది కాదు, ఓటర్లది. ఈ విషయంలో మా ఇంట్లో వాళ్లెవరూ నాతో ఏకీభవించరు, నేనూ తగ్గను.

ఏజెంటు కావడానికి కావాల్సింది ఒక్క కాగితం, ఫారం 10. అభ్యర్థి గానీ ఆయన ఎలక్షన్ ఏజెంటు గానీ సంతకం పెట్టి ఇస్తారు. దాన్ని పోలింగ్ రోజు పొద్దున ప్రిసైడింగ్ అధికారి ముందు పెట్టి, ఓటు రహస్యం కాపాడతానన్న ప్రకటన మీద సంతకం చేయాలి. ముందురోజు మండల కేంద్రంలో గంటసేపు మాకు చెప్పారు. చాలావరకు "జాగ్రత్తగా ఉండండి" అనడమే. నేను ఎన్నికల సంఘం వాళ్ల ఏజెంట్ల చేతిపుస్తకం ఫోన్‌లో దించుకుని రాత్రంతా చదివాను. నాకు పనికొచ్చింది అదే.

అదే రోజు సాయంత్రం ఇళ్లకు వెళ్లి చీటీలు పంచుతుంటే, మా తోట పక్కనుండే అవ్వ నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది. "నేను దేనికి గుద్దిందీ వాలంటీరు పిల్లోడికి తెలిసిపోద్దా అమ్మా?" అని అడిగింది. నెలనెలా ఒకటో తేదీన 2,250 రూపాయల పింఛను తెచ్చి ఇంటి దగ్గర ఇచ్చేది ఆ అబ్బాయే. ఆ పిల్లోడు మంచివాడు, ఆమెను ఏమీ అనలేదు. అయినా ఆమెకు దిగులు. చెప్పాను: అవ్వా, రిజిస్టర్‌లో నీ పేరుంటుంది, గుర్తు ఉండదు. మిషన్‌లో గుర్తుంటుంది, నీ పేరుండదు. పక్కనున్న అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనపడి పెట్టెలో పడిపోతుంది, దాన్ని ఎవరూ ఇంటికి తీసుకుపోరు.

నేను చెప్పింది నిజమే, కానీ పూర్తి నిజం కాదని నాకు తెలుసు. లెక్కింపు బూత్‌ల వారీగా జరుగుతుంది. మనిషి ఓటు తెలియకపోయినా ఊరి ఓటు తెలుస్తుంది. ఫలానా బూత్‌లో ఎవరికెన్ని వచ్చాయో సాయంత్రానికి అందరి ఫోన్లలో ఉంటుంది. పెద్ద ఊరైతే ఫరవాలేదు. చిన్న ఊళ్లో, అదీ ఒక వీధంతా ఒకే కులం వాళ్లుండే చోట, ఎవరు ఎటు వేశారో ఊహించడం కష్టం కాదు. 14 బూత్‌ల మిషన్లను కలిపి లెక్కించే టోటలైజర్ అన్న పరికరాన్ని ఎన్నికల సంఘం 2008లోనే ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో సిఫారసు చేసింది. ఇప్పటికీ అమల్లోకి రాలేదు. అవ్వ భయానికి మందు అదేనని నేను నమ్ముతాను.

పోలింగ్ ఉదయం ఏడింటికి, కానీ ఏజెంట్లు ఐదున్నరకే ఉండాలి. మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా ఉందో లేదో చూసే ఉత్తుత్తి పోలింగ్, గంటన్నర ముందు మొదలవుతుంది. ఎన్నిక మొత్తంలో ఏజెంటు కళ్లు తెరుచుకుని చూడాల్సిన గంటన్నర అదే. మా ఎన్నికలో 28 మంది అభ్యర్థులు. ఒక బాలెట్ యూనిట్‌లో 16 బటన్లే ఉంటాయి కాబట్టి రెండు యూనిట్లు పెట్టారు, నోటా రెండో దాని చివర. కనీసం 50 ఓట్లు వేయాలి, నోటాతో సహా ప్రతి బటన్‌కూ ఒక్కటైనా పడాలి. ఏ బటన్ ఎవరు నొక్కిందీ కాగితం మీద గీసుకున్నాం. గాజు గ్లాసు గుర్తు ఆ ఎన్నికలో ఒక చిన్న పార్టీ అభ్యర్థికి వచ్చింది. ఆ బటన్ నొక్కినప్పుడు అక్కడున్న వాళ్లంతా మళ్లీ ఒకసారి వంగి చూశారు, ఎందుకంటే జనసేన పోటీలో లేదు, బీజేపీకి మద్దతిస్తోంది.

తర్వాత క్లోజ్, రిజల్ట్. మిషన్‌లో వచ్చిన లెక్కా, వీవీప్యాట్ (ఓటు చీటీ అచ్చువేసి చూపే పెట్టె) చీటీల లెక్కా, మా గీతల లెక్కా మూడూ కలవాలి. కలిశాయి. ఆ తర్వాత క్లియర్. ఇక్కడ ఎవరికి తొందరున్నా నేను తొందరపడకూడదని పుస్తకంలో చదివే వచ్చాను. క్లియర్ నొక్కకుండా అసలు పోలింగ్ మొదలుపెడితే మాక్ పోల్ ఓట్లు కూడా లోపలే ఉండిపోతాయి, సాయంత్రం రిజిస్టర్‌కూ మిషన్‌కూ లెక్క తప్పుతుంది. క్లియర్ చేశాక టోటల్ నొక్కి సున్నా చూపించమని అడిగాను. ప్రిసైడింగ్ అధికారి, ఎక్కడో కాలేజీ లెక్చరరట, విసుక్కోకుండా ఇద్దరికీ చూపించారు. వీవీప్యాట్ పెట్టె తెరిచి మాక్ పోల్ చీటీలన్నీ తీసి, వెనక ముద్ర వేసి, నల్ల కవరులో పెట్టి సీలు వేశారు. ఖాళీ పెట్టెలోకి టార్చ్ వేసి చూపించారు. ఓట్లు నమోదయ్యే కంట్రోల్ యూనిట్‌కు ఆకుపచ్చ పేపర్ సీల్ పెట్టేటప్పుడు దాని మీద చిన్నమామా నేనూ సంతకాలు చేశాం. ఆ సీల్ నంబరు నా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. లెక్కింపు రోజు అదే నంబరు కనిపించాలి.

పోలింగ్ మొదలయ్యాక ఏజెంటు పని చెవులతో. మొదటి అధికారి ఓటరు వరుస సంఖ్య, పేరు బిగ్గరగా చదువుతాడు. మన దగ్గరున్న జాబితాలో టిక్ పెట్టుకుంటూ, వచ్చిన మనిషి ఆ మనిషేనా అని చూడాలి. రెండో అధికారి వేలికి సిరా పెట్టి, 17ఏ రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుంటాడు. మూడో అధికారి చీటీ తీసుకుని బాలెట్ బటన్ నొక్కితేనే లోపల మిషన్ ఓటుకు సిద్ధమవుతుంది. ఆ ఏడు అందరికీ మాస్కులు. గుమ్మం దగ్గర ఒళ్లు వేడి చూసి, కుడిచేతికి ప్లాస్టిక్ గ్లౌజు ఇస్తున్నారు. ముఖం చూడకుండా మనిషిని గుర్తుపట్టడం కుదరదు, మాస్కు దించమని అడగాలి, అడిగితే చుట్టూ ఉన్నవాళ్లకు భయం. అదే వారం ముఖ్యమంత్రి సభ కూడా కరోనా వల్ల రద్దయింది, ఆయన ఉత్తరాలు మాత్రం ఇళ్లకు వచ్చాయి. నన్నడిగితే ఆ నెలలో ఎన్నిక పెట్టకుండా ఉండాల్సింది. ఆరు నెలల గడువు ఎలాగూ దాటింది, ఇంకో మూడు నెలలు ఆగితే ఏం పోయేది? అప్పటికి టీకా 45 దాటిన వాళ్లకే. నాలాంటి ఏజెంట్లు టీకా లేకుండానే పన్నెండు గంటలకు పైగా ఆ గదిలో ఉన్నాం.

పదకొండు గంటలప్పుడు ఒక కుర్రాడు వచ్చాడు. చదివిన పేరు బెంగళూరులో పనిచేస్తున్న మా వీధి అబ్బాయిది. మాస్కు దించమన్నాను. అతను కాదు. "చాలెంజ్ చేస్తున్నానండీ" అని లేచి నిలబడ్డాను. గొంతు వణికింది. చాలెంజ్ ఓటుకు రెండు రూపాయలు కట్టాలి. బిళ్ల ముందే దగ్గర పెట్టుకున్నాను, కట్టాను, రశీదు ఇచ్చారు. ప్రిసైడింగ్ అధికారి ఆ కుర్రాణ్ణి తండ్రి పేరు అడిగితే చెప్పాడు. ఇల్లు ఎక్కడంటే తడబడ్డాడు. అధికారి చిన్నమామ వైపు తిరిగి, "మీరు చెప్పండి, ఈ అబ్బాయి అతనేనా?" అని అడిగారు.

చిన్నమామ కాసేపు నేల చూపులు చూశాడు. బయట వాళ్ల పార్టీ వాళ్లున్నారు. ఆ కుర్రాడు ఎవరి మనిషో నాకు తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆయన తలెత్తి, "కాదు సార్. వీడెవరో నేను కూడా చూళ్లేదు" అన్నాడు. కుర్రాడు వెనక్కి తిరిగి గబగబా వెళ్లిపోయాడు. నా రెండు రూపాయలు నాకు తిరిగిచ్చారు. ఆ రోజంతటిలో నాకు బాగా గుర్తున్నది మామ అన్న ఆ మాటే. పక్కన నేను లేకపోతే ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగేవారు కాదు. ఆయన అబద్ధం చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ పడేది కాదు. రెండో పక్షం మనిషి గదిలో ఉంటే మొదటి పక్షం మనిషికి నిజం చెప్పే అవకాశం వస్తుంది. ఏజెంటంటే గొడవ పడటానికి కూర్చునే మనిషని నేను కూడా అనుకునేదాన్ని, అక్కడితో పోయింది.

మధ్యాహ్నం భోజనాలు మామూలే. మా రిలీవర్‌గా మా ఆడబిడ్డ ఓ అరగంట కూర్చుంది.

నాలుగింటప్పుడు నిమ్మకాయల కోతకు పోయి వచ్చిన ఒకామె వరుసలో వచ్చింది. జాబితా చూస్తే ఆమె ఓటు పడిపోయి ఉంది. పేరూ ఇంటిపేరూ ఒకటే అయిన ఇంకొకామె పొద్దున వచ్చి వేసి వెళ్లింది, సంఖ్య మారిపోయింది. ఆమె అక్కడే కూలబడింది. "నా ఓటు ఎవరు ఎత్తకపోయినారమ్మా" అని ఏడుపు. ఇలాంటప్పుడు టెండర్ ఓటు అడగవచ్చు. మిషన్ మీద కాకుండా కాగితం బాలెట్ ఇస్తారు, ఓటేశాక దాన్ని విడిగా కవరులో పెడతారు. మామూలుగా లెక్కలోకి రాదు, కోర్టు అడిగితే తీస్తారు. ఈ సంగతి అధికారికి నేను గుర్తుచేస్తే ఆయన పుస్తకం తీసి చూసి ఇచ్చారు. లెక్కలోకి రాదని తెలిసి కూడా ఆమె వేసింది. నేను వచ్చాను, వేశాను అని కాగితం మీద ఉంటే చాలంది.

చివరి గంట, ఆరు నుంచి ఏడు వరకు, కరోనా ఉన్నవాళ్లకు. సిబ్బంది తెల్ల కిట్లు తొడుక్కున్నారు. ఒక్కాయన వచ్చాడు, గుమ్మం దాటేదాకా ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఓటేసి వెళ్లాక బల్లలు తుడిచారు.

ఏడయ్యాక క్లోజ్ బటన్. మిషన్ టోటలూ, 17ఏ రిజిస్టర్ చివరి సంఖ్యా కలిశాయి. ఇక మిగిలింది 17సీ. మొత్తం ఓట్లెన్ని, మిషన్‌లో ఎన్ని, టెండర్ ఎన్ని, సీళ్ల నంబర్లేమిటి అన్నీ ఆ ఫారంలో ఉంటాయి. పోలింగ్ ముగిసేటప్పటికి ఉన్న ప్రతి ఏజెంటుకూ దాని నకలు ఇవ్వాలని ఎన్నికల నిబంధన 49ఎస్ చెబుతుంది. అలసిపోయి అందరూ బస్సు గురించి చూస్తుంటారు, ఏజెంట్లు కూడా అడగకుండా ఇంటికి పోతారు. కానీ రెండు వారాలు మిషన్లు స్ట్రాంగ్ రూములో ఉంటాయి, ఆ రెండు వారాలకూ మన చేతిలో ఉండే సాక్ష్యం ఆ ఒక్క కాగితమే. అడిగాను. లెక్చరర్ గారు రాసి, చిన్నమామకూ నాకూ చెరొకటి ఇచ్చి, రసీదు మీద సంతకాలు తీసుకున్నారు. మిషన్లు ఎక్కిన బండి కదిలేదాకా ఇద్దరం ఉన్నాం.

లెక్కింపు మే 2న. మా జిల్లా నియోజకవర్గాలవి నెల్లూరులోనే లెక్కించారు. కరోనా నెగటివ్ రిపోర్టో, రెండు డోసుల సర్టిఫికెట్టో ఉంటేనే కౌంటింగ్ ఏజెంట్లను లోపలికి రానిచ్చారు. గురుమూర్తి గారు 2 లక్షల 71 వేల పైచిలుకు మెజారిటీతో గెలిచారు, రెండో స్థానం తెలుగుదేశం అభ్యర్థి పనబాక లక్ష్మి గారిది. ఎవరూ ఊహించనిది పోలింగ్ శాతం. 2019లో 80కి దగ్గరగా ఉన్నది ఈసారి 64కు దిగింది. మెజారిటీ పెరిగింది, ఓటేసిన వాళ్లు తగ్గారు. కరోనా ఒక కారణం. "తెలిసిందే కదా, ఎందుకు పోవాలి" అన్నది ఇంకో కారణం, నా చెవులతో విన్నాను. మా కౌంటింగ్ ఏజెంటు సాయంత్రం ఫోన్ చేసి, మీ బూత్ సీల్ నంబరూ టోటలూ మీ 17సీతో సరిపోయాయని చెప్పాడు. ఇంకొన్ని ఊళ్లకు మా తరఫున ఏజెంటే లేడు, అక్కడి మిషన్లను దేనితో సరిచూడాలో ఆయనకు తెలియలేదు.

ఓడిపోయాం కదా, ఏం సాధించావని అడిగిన వాళ్లున్నారు. మా నెల్లూరులోనే 2012 జూన్‌లో పార్లమెంటు ఉప ఎన్నిక జరిగింది. రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ కాంగ్రెస్ అధికారంలో ఉండగా, ఆ పార్టీ అభ్యర్థి టి. సుబ్బరామిరెడ్డి గారి మీద, అప్పుడు కొత్త పార్టీ అయిన వైఎస్సార్ కాంగ్రెస్‌లో ఉన్న మేకపాటి రాజమోహన్‌రెడ్డి గారు 2 లక్షల 90 వేలకు పైగా ఓట్లతో గెలిచారు. ఆ రోజు ప్రతిపక్షం తరఫున పనిచేసిన వాళ్లలో చిన్నమామ ఒకడు. ఇక తిరుపతి స్థానంలో 2024 మే ఎన్నికలో మళ్లీ గురుమూర్తి గారే గెలిచారు, కానీ మెజారిటీ 14,569. రాష్ట్రంలో ప్రభుత్వమే మారిపోయింది. ఇప్పుడు ఏజెంటు దొరకని పక్షం చిన్నమామది. ఈ మధ్య వచ్చి, "ఈసారి మా వైపు కూర్చునే పిల్లలు లేరు అమ్మణ్ణీ, బిల్లులని భయపడతా ఉండారు" అన్నాడు. మీ వాళ్లను పంపు మామా, నేర్పిస్తాను అన్నాను. ఇద్దరు ఆడపిల్లలు వస్తున్నారు. ఆదివారాలు మా వసారాలో కూర్చుని ఫారం 10 నింపడం, చాలెంజ్ చేయడం, 17సీ చదవడం నేర్చుకుంటున్నారు.